జీను ఎక్కడ కరుస్తోంది?

పొట్ట పట్టీ బిగించబోతే చాలు, మా గుర్రం చెవులు వెనక్కి వాల్చి, మెడ తిప్పి నా మోచేతిని కొరకబోయేది. "దాణా ఎక్కువైంది సార్, పొగరెక్కింది" అన్నాడు గుర్రాన్ని చూసుకునే సైసు. నేనూ అదే అనుకున్నాను. ఉలవలు తగ్గించాం. పొగరు తగ్గలేదు. మూడు వారాల తర్వాత ఒకరోజు స్వారీ ముగించి జీను దించితే, వీపంతా చెమటతో నల్లగా తడిసి ఉంది గానీ మెడ వచ్చి వీపుని కలిసే ఎత్తైన చోట, అంటే మూపుకి, రెండు పక్కలా అరచేయంత మేర పొడిగా ఉండిపోయింది. గుర్రం అన్నాళ్ళ నుంచీ చెబుతున్నది అదే. వినడం మాకు రాలేదు.

విచిత్రం ఏమిటంటే ఆరు నెలల కిందట కొన్నప్పుడు ఆ జీను బాగానే సరిపోయింది. జీను మారలేదు, గుర్రం మారింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

జీను ఎలా ఎంచుకోవాలి అని అడిగితే పదిమంది పది మాటలు చెబుతారు. మూపు దగ్గర రెండు వేళ్ళు పట్టాలంటారు ఒకరు, కాదు మూడంటారు ఇంకొకరు. మందమైన ప్యాడ్ వేస్తే ఏ జీనైనా సరిపోతుందంటారు మరొకరు. వీటిలో కొన్ని నిజమే. కానీ ఎందుకో తెలియకుండా పాటిస్తే ఒకదానికొకటి పొసగవు. చివరికి నాకు పనికొచ్చింది ఒకే ఒక్క ప్రశ్న: నేను ఎక్కి కూర్చున్నాక నా బరువు ఎక్కడికి పోతోంది?

బిందె నెత్తిన పెట్టుకునేవాళ్ళు ముందు చుట్టకుదురు పెట్టుకుంటారు కదా. బిందె అడుగు గుండ్రం, నెత్తి కూడా గుండ్రం. నేరుగా పెడితే బరువంతా నడినెత్తిన ఒక్క చోట దిగుతుంది. చుట్టకుదురు ఆ ఒక్క చోటుని వదిలేసి బరువుని దాని చుట్టూ పంచుతుంది. జీను పనీ సరిగ్గా ఇదే. వదిలేయాల్సిన చోటు వెన్నుపూస. బరువు పంచాల్సిన చోటు దానికి రెండు పక్కలా పొడవునా ఉన్న కండ.

ఆ బరువు మనం త్రాసు మీద చూసుకునే బరువు కూడా కాదు. 70 కిలోల మనిషి, ఏడెనిమిది కిలోల జీను అనుకుందాం. గుర్రం నడుస్తున్నప్పుడు వీపు మీద పడే భారం అంతకన్నా కాస్త ఎక్కువ. ట్రాట్ అనే కుదుపు పరుగులో ప్రతి అడుగుకీ ఒక క్షణం పాటు అది రెండింతలు దాటుతుంది. అంటే సుమారు నూటయాభై కిలోల పైమాట, నిమిషానికి వందకు పైగా సార్లు. అది రెండు పలకలంత మేర మీద పడటం వేరు, నాలుగు రూపాయి బిళ్ళలంత చోట పడటం వేరు.

పదిహేడు అంగుళాలు ఎవరి కొలత?

జీను కొనబోతే దుకాణంలో మొదట అడిగేది "ఎన్ని అంగుళాలు?" అని. నేను పదిహేడు అన్నాను. ఇచ్చారు. అది నా కూర్చునే చోటు కొలత, గుర్రానిది కాదు అన్న సంగతి తర్వాత తెలిసింది. జీను ముందు భాగంలో పక్కన ఉండే చిన్న మేకు తల నుంచి వెనక అంచు మధ్యదాకా కొలిస్తే వచ్చేది ఆ అంకె. పెద్దవాళ్ళకి సాధారణంగా 16 నుంచి 18 అంగుళాల మధ్య ఉంటుంది. మనిషికి ప్యాంటు కొలత లాంటిది. గుర్రం కొలత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గుర్రం కొలత జీను లోపల దాగి ఉంటుంది. తోలు కింద ఒక గట్టి చట్రం ఉంటుంది, స్వారీ వాళ్ళు దాన్ని ట్రీ అంటారు. మన రైడింగ్ క్లబ్బుల్లో ఎక్కువగా వాడే ఇంగ్లీషు తరహా జీనుల్లో దీన్ని పొరలు పొరలుగా అతికించిన చెక్కకి ఉక్కు పట్టీలు వేసి చేస్తారు, లేదా ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పోత పోస్తారు. చట్రం ముందు భాగం తలకిందులైన 'వి' లాగా మూపుకి అటూ ఇటూ దిగుతుంది. దాని కింద, గుర్రం వీపుకి తగిలే వైపు, రెండు పొడవాటి దిండ్లు. వాటిలో ఉన్నిగానీ ఫోమ్‌గానీ కూరతారు. ఈ రెండు దిండ్ల నడుమ ముందు నుంచి వెనకదాకా ఒక కాలువ. వెన్నుపూస ఆ కాలువలో గాలికి ఉండాలి.

చట్రం వెడల్పుని సన్నం, మీడియం, వెడల్పు అని అమ్ముతారు. ఇక్కడొక చిక్కుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి సన్నం కావచ్చు, అందరికీ ఒకటే కొలమానం అంటూ లేదు. పైగా వెడల్పు ఒక్కటే చాలదు, వాలు కూడా కుదరాలి. పెంకుటింటి కప్పుని తలచుకోండి. గోడల మధ్య దూరం ఒకటే అయినా ఒక ఇంటి కప్పు నిటారుగా, ఇంకో ఇంటి కప్పు పరుచుకున్నట్టు ఉండొచ్చు. నిటారు వాలు కప్పుని పరుచుకున్న వాలు మీద బోర్లిస్తే కొసలు మాత్రమే ఆనుతాయి. పరుచుకున్న కప్పుని నిటారు వాలు మీద పెడితే నడినెత్తికి తగులుతుంది. మూపు దగ్గర జరిగేదీ అదే. చట్రం సన్నమైతే కొసలు మూపు పక్క కండలోకి గుచ్చుకుంటాయి, జీను ముందు భాగం పైకి లేస్తుంది, కూర్చున్నవాడు వెనక్కి జారతాడు. చట్రం వెడల్పైతే ముందు భాగం దిగబడి మూపు ఎముక మీదే కూర్చుంటుంది.

మూపు పొట్టిగా కనిపించినా అది మామూలు ఎముక కాదు. వెన్నుపూసల నుంచి పైకి పొడుచుకొచ్చిన పొడవాటి ముళ్ళ కొసలు అవి. వాటి మీద ఉన్నది చర్మం, దాని కింద పలచటి కణజాలం. అంతే. అక్కడ కొన్నాళ్ళు ఒరిస్తే పడే పుండు మానడానికి నెలలు పడుతుంది. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ పుండు పడితే అరక కట్టడం మానేసిన రైతులని చిన్నప్పుడు చూశాను. వాళ్ళు కాడిమానుని ఎద్దు మెడకి సరిపోయేలా చెక్కించుకునేవాళ్ళు. గుర్రం దగ్గరికొచ్చేసరికి లక్షలు పెట్టి కొన్నవాళ్ళం కూడా ఆ మాత్రం ఆలోచన చేయం.

పెట్టే చోటు

జీను సరిపోలేదనుకునే సందర్భాల్లో నేను చూసినంతలో చాలావరకు అసలు తప్పు పెట్టే చోటులోనే ఉంటుంది. మన క్లబ్బుల్లో దాదాపు అందరూ ముందుకు పెట్టేస్తారు.

గుర్రానికి కంటె ఎముక లేదు. మనకి భుజాన్ని రొమ్ము ఎముకకి కలిపే ఎముక ఉంటుంది కదా, అది గుర్రానికి ఉండదు. ముందు కాళ్ళు రెండూ ఒంటికి కేవలం కండరాలతో, పీచులతో వేలాడదీసినట్టు ఉంటాయి. కాబట్టి ముందు కాలు చాచినప్పుడల్లా భుజం ఎముక పైభాగం వెనక్కి తిరుగుతుంది. జీను చట్రం కొస ఆ దారిలో ఉంటే ప్రతి అడుగుకీ భుజం వెళ్ళి దానికి కొట్టుకుంటుంది. తలుపు వెనక మంచం వేసినట్టు. గుర్రం ఏం చేస్తుంది? అడుగు చిన్నది చేసుకుంటుంది. "ఇది బద్ధకపు గుర్రం" అని మనం మడమతో పొడుస్తాం.

అందుకే ముందు ప్యాడ్, గుడ్డ ఏమీ లేకుండా వట్టి జీనుతో చూడాలి. చదునైన నేల మీద గుర్రాన్ని నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టి, జీనుని మూపు మీద కాస్త ముందుకే పెట్టి, వెంట్రుకలు వాలిన వైపు మెల్లగా వెనక్కి జరపండి. ఒకచోట దానంతటదే కూర్చుంటుంది. భుజం ఎముక వెనక అంచుని చేత్తో తడిమి పట్టుకుంటే, చట్రం కొస దానికి రెండు మూడు వేళ్ళు వెనకగా ఉండాలి. పక్కన వేలాడే తోలు రెక్క భుజం మీదికి వచ్చినా ఫర్వాలేదు, అది మెత్తన. గట్టిది చట్రం.

వెనక హద్దు కూడా ఉంది. గుర్రానికి పద్దెనిమిది జతల పక్కటెముకలు. చివరి పక్కటెముకని డొక్క దగ్గర తడిమి, దాని వెంటే పైకి వెన్నుదాకా వేలు పోనివ్వండి. అక్కడితో జీను ఆగిపోవాలి. ఆ వెనక నడుము భాగంలో బరువు మోయడానికి కింద పక్కటెముకల ఆసరా లేదు. పొట్టి వీపు గుర్రం మీద పొడవాటి మనిషి ఎక్కాలంటే ఇక్కడే పేచీ. మనిషికి పద్దెనిమిది అంగుళాల జీను కావాలి, గుర్రం వీపు మీద అంత చోటు లేదు. చిన్న జీను వేస్తే మనిషి బరువు వెనక అంచు మీదికి పోతుంది. దీనికి జీనులో పరిష్కారం లేదు. వేరే గుర్రం ఎక్కడమే.

పొట్ట పట్టీ ఎక్కడ పడుతోందో కూడా చూడాలి. గుర్రం ముందు కాలి మోచేతి వెనక, రొమ్ము సన్నబడే చోట అది సహజంగా కూర్చుంటుంది. జీను పట్టీలు అంతకన్నా వెనక నుంచి దిగుతుంటే, పొట్ట పట్టీ తన చోటుకి తాను ముందుకు జారి, జీనుని కూడా లాక్కుపోతుంది. ఎంత వెనక్కి పెట్టినా పది నిమిషాల్లో జీను మళ్ళీ భుజం మీద ఉంటే కారణం సగంసార్లు ఇదే.

చెయ్యి పెట్టి చూడటం

వేళ్ళ లెక్క గురించి. మూపుకీ జీనుకీ మధ్య సందు ఎంత అన్నది పైన మనిషి కూర్చున్నాకే చూడాలి. వట్టి జీనుకి మూడు వేళ్ళు పట్టి, మనిషి ఎక్కాక ఒక్క వేలూ పట్టకపోతే ఆ లెక్క దేనికి? ఎక్కాక రెండు వేళ్ళైనా పట్టాలి. సందు పైన మాత్రమే కాదు, మూపు పక్కల కూడా ఉండాలి. మధ్య కాలువ ముందు నుంచి వెనకదాకా కనీసం మూడు వేళ్ళ వెడల్పు ఉండాలి. ముందు బాగా తెరుచుకుని వెనక సన్నబడిపోయే జీనులు చాలా ఉన్నాయి. కొనేటప్పుడు తిరగేసి చూస్తే తెలిసిపోతుంది, కానీ తిరగేసేవాళ్ళు తక్కువ.

తర్వాత అరచెయ్యి చదునుగా పెట్టి జీను ముందు దిండు కింద పైనుంచి కిందికి పోనివ్వండి. ఒత్తిడి అంతటా ఒకేలా ఉండాలి. కిందికి పోయేకొద్దీ బిగుసుకుంటే చట్రం సన్నం. పైన బిగుసుకుని కింద వదులైతే వెడల్పు. చెయ్యి అక్కడే ఉంచి, పైన ఒకరిని కూర్చోబెట్టి, ఇంకొకరితో గుర్రం ముందు కాలు ముందుకి చాపించండి. నా చెయ్యి అక్కడ నలిగినప్పుడే మా గుర్రం పొగరు నాకు అర్థమైంది.

నడుమ భాగం చూడటం కొంచెం కష్టం. దిండ్లు ముందూ వెనకా మాత్రమే ఆని, మధ్యలో వంతెనలా తేలిపోతే బరువంతా నాలుగు మూలల మీద పడుతుంది. దీనికి వ్యతిరేకం, వీపు చదునుగా ఉండి జీను అడుగు వంపు తిరిగి ఉండటం. అప్పుడు జీను ఉయ్యాల బల్లలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, బరువు మధ్యలో ఒక్క చోట దిగుతుంది. ముందు అంచు మీద ఒకసారి, వెనక అంచు మీద ఒకసారి నొక్కితే ఊగుతోందో లేదో తెలుస్తుంది.

చెమట మరకల సంగతి. చాలామంది వాటిని జాతకంలా చదువుతారు, నేనూ చదివాను. తడి మధ్యలో పొడి మచ్చ అంటే రెండు అర్థాలున్నాయి. అక్కడ మరీ ఎక్కువ ఒత్తిడి పడి చెమట రాకపోయి ఉండొచ్చు, లేదా జీను అసలు తగలకపోయి ఉండొచ్చు. రెండూ పూర్తిగా వ్యతిరేకం. ఒత్తిడి అయితే వెంట్రుకలు అణిగిపోయి ఉంటాయి, వేళ్ళతో గట్టిగా నొక్కితే గుర్రం వీపు కిందికి వంచుతుంది. తగలని చోట అలా ఉండదు. మచ్చ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

తెల్ల వెంట్రుకల విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. మూపు పక్కల రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చలు పుట్టుకతో రాలేదంటే, చాలాకాలం ఒత్తిడి పడి రంగునిచ్చే కణాలు దెబ్బతిన్నాయని అర్థం. అవి సాధారణంగా మళ్ళీ నల్లబడవు. మూపు వెనక రెండు పక్కలా గుంటలు పడటం ఇంకో గుర్తు. అక్కడ ఉండాల్సిన కండ కరిగిపోయింది. "సన్నటి జాతి సార్, ఇలాగే ఉంటుంది" అని అమ్మేవాళ్ళు చెబుతారు.

మందమైన ప్యాడ్ అనే భ్రమ

చెప్పు బిగుతైతే మందమైన మేజోళ్ళు తొడుక్కుంటామా? సన్నటి చట్రం కింద మందమైన ప్యాడ్ వేయడం అచ్చంగా అదే. జీను ఇంకా పైకి లేస్తుంది, ఇంకా బిగుస్తుంది. కొంచెం వెడల్పైన చట్రానికి, గుర్రం ఒళ్ళు చేసేదాకా తాత్కాలికంగా, ముందు భాగంలో పలచటి పొర పెట్టుకోవడంలో తప్పు లేదు. ప్యాడ్ చేయగలిగింది అంతవరకే. ఏ ప్యాడ్ వేసినా మూపు దగ్గర దాన్ని కాలువలోకి పైకి లాగి పెట్టండి. లేకపోతే అది బిగిసి, జీను తగలని మూపుని గుడ్డ కోస్తుంది.

ఇంగ్లీషువాళ్ళు జీను కింద వేసే మెత్తకి 'నమ్నా' అంటారు. అది మన ఉర్దూ నమ్దా. ఇక్కడి గుర్రపు దళాల నుంచి పట్టుకెళ్ళిన మాట. మనం జీను అంటున్నది ఫారసీ. గుర్రం ఎక్కడెక్కడ తిరిగిందో దాని మీద వేసే వస్తువుల పేర్లు చూస్తే చాలు. అమెరికా సైన్యం 1859లో తీసుకున్న మెక్లెలన్ జీనుకి మధ్యలో పొడవునా చీలికే వదిలేశారు, వెన్ను మీద ఏమీ ఉండకుండా. చట్రం మాత్రం గట్టిది. గుర్రం చిక్కితే కింద దుప్పటి మడతలు మార్చి సర్దుకోవాల్సిందే.

జీను పక్కకి జారితే

నేను నమ్మడానికి చాలా రోజులు పట్టిన విషయం ఇది. జీను ఎప్పుడూ ఒకే పక్కకి జారుతుంటే జీనుదో, వంకరగా కూర్చునే మనిషిదో తప్పు అనుకుంటాం. 2013లో లీనె గ్రేవ్, స్యూ డైసన్ అనే ఇద్దరు గుర్రాల వైద్యులు ప్రచురించిన పరిశోధనలో తేలింది వేరు: చాలా గుర్రాల్లో దానికి కారణం వెనక కాలి కుంటు. కంటికి ఆనని కుంటు కూడా వెన్నుని ఒక పక్కకి తిప్పుతుంది. నొప్పి ఉన్న చోట మత్తు ఇంజెక్షన్ ఇస్తే, అదే జీను, అదే మనిషి, జారడం ఆగిపోయింది. కాబట్టి జారే జీనుకి మళ్ళీ ఉన్ని కూరించే ముందు వెటర్నరీ డాక్టరుని పిలవడం మంచిది.

అదే డైసన్ బృందం 2018లో స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని పట్టుకోవడానికి 24 లక్షణాలతో ఒక పట్టిక తయారు చేసింది. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, నోరు తెరవడం, తోక విసరడం, తడబడటం లాంటివి. ఎనిమిదీ అంతకన్నా ఎక్కువా కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉందని అనుమానించాలి. ఆ నొప్పి జీను వల్లేనని కాదు. కానీ "పొగరు" అన్న మాట ఆ పట్టికలో లేదు.

మన గుర్రాలు, మన జీనులు

హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్ళలో మలక్‌పేట రేస్‌కోర్సు నుంచి బయటికొచ్చిన థరోబ్రెడ్‌లు కనిపిస్తాయి. ఎత్తైన మూపు, సన్నటి ఒళ్ళు. వాటి పక్కనే మార్వాడీ, కఠియావాడీ జాతి గుర్రాలు, ఏ జాతో చెప్పలేని పోనీలు. అన్నిటికీ కలిపి గోడకి నాలుగు జీనులు. ఏది ఖాళీగా ఉంటే అది. సొంత గుర్రం లేనివాళ్ళు జీను కొనుక్కుని రోజుకో గుర్రం మీద వేయడం ఇంకో అలవాటు. మనిషికి సౌకర్యం, గుర్రాలకి రోజుకొకరి చెప్పులు తొడుక్కోవడం.

మన దేశంలో జీనుల తయారీకి కాన్పూర్ పెట్టింది పేరు, అక్కడి జీనులకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పనితనానికి లోటు లేదు, విదేశాలకీ పోతాయి. కొరత ఉన్నది అమర్చేవాళ్ళకి. బ్రిటన్‌లో జీనుని గుర్రానికి అమర్చడమే వృత్తిగా, దానికి శిక్షణ పొందినవాళ్ళు ఉంటారు. ఇంటికొచ్చి చూసి, దిండ్లలో ఉన్ని తగ్గించి పెంచి పోతారు. ఉన్ని వాడేకొద్దీ అణిగి గట్టిపడుతుంది కాబట్టి ఏడాదికోసారైనా అది అవసరం. మన ఊళ్ళలో అలాంటివాళ్ళు దొరకడం కష్టం. అందుకే చట్రం ముందు కడ్డీ మార్చుకోగలిగే వింటెక్ లాంటి సింథటిక్ జీనులు మనకి నయమని నా అభిప్రాయం. తోలంత అందంగా ఉండవు. స్క్రూలు విప్పి కడ్డీ మారిస్తే సన్నం మీడియం అవుతుంది. వాలు మాత్రం కొంతవరకే మారుతుంది, అది మరిచిపోవద్దు.

పాతది కొంటుంటే ఒక జాగ్రత్త. ముందు అంచుని పొట్టకి ఆనించుకుని వెనక అంచుని రెండు చేతులా లాగి చూడండి. కిర్రుమన్నా, మధ్యలో తోలు ముడతపడి వంగినా చట్రం విరిగి ఉండొచ్చు. విరిగిన చట్రం ఉన్న జీను ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంటి దగ్గర చేసుకోగలిగే పని ఒకటుంది. డ్రాయింగ్ సామాను అమ్మే దుకాణాల్లో వంచితే వంగినట్టే ఉండిపోయే రబ్బరు స్కేలు దొరుకుతుంది. భుజం ఎముకకి రెండు మూడు వేళ్ళ వెనక దాన్ని మూపు మీదుగా అడ్డంగా వేసి ఒంటికి అదిమి, ఆకారం చెదరకుండా తీసి అట్ట మీద గీసుకోండి. వీపు నడుమ ఒకటి, చివరి పక్కటెముక దగ్గర ఒకటి. తేదీ వేయండి. అట్టని ఆ గీత వెంట కత్తిరిస్తే, జీను కొనడానికి గుర్రాన్ని తీసుకెళ్ళలేకపోయినా దాని వీపుని సంచిలో పెట్టుకుని వెళ్ళొచ్చు. మూడు నెలలకోసారి మళ్ళీ గీయండి.

నేను ఆ పని ముందే చేసుంటే మా గుర్రం సంగతి అప్పుడే తెలిసేది. రేసుల నుంచి వచ్చినప్పుడు అది ఎండుకట్టెలా ఉండేది. ఆరు నెలలు మంచి దాణా, నెమ్మదైన పని. మూపు పక్కల కండ పట్టింది, వీపు గుండ్రంగా తేలింది. మేము సంబరపడ్డాం. పాత జీను దానికి చిన్నప్పటి చొక్కా అయిపోయింది. కొలిపించి రెండు సైజులు వెడల్పు చట్రానికి మారాక, కొరకడం ఒక్కరోజులో ఆగలేదు. నొప్పి పోయినా దాని భయం ఇంకో రెండు నెలలు ఉంది. పొట్ట పట్టీ ఒక్కో రంధ్రమే బిగిస్తూ, మధ్యలో నాలుగడుగులు నడిపిస్తూ వచ్చాం.

పాత జీనుని అమ్మలేదు. పోయిన నెల అదే శాలకి రేసుల నుంచి ఇంకో సన్నటి ఆడగుర్రం వచ్చింది. దాని మీద వేసి, సైసుని ఎక్కించి చూస్తే మూపు పైన రెండు వేళ్ళు పట్టాయి, చెయ్యి నలగలేదు. అట్ట మీద గీత గీసి తేదీ వేసి గోడకి తగిలించాం. ఇంకో అట్ట పక్కనే ఖాళీగా ఉంది.